మలంలో దొరికిన ప్రతి క్రిమీ దోషి కాదు

పేద బస్తీలో విరేచనాలతో నీరసపడ్డ రెండేళ్ల పిల్లాడి మలాన్ని ల్యాబ్‌కి పంపితే ఏదో ఒక రోగక్రిమి దొరకడం మామూలే. చిక్కేమిటంటే, పక్కింట్లో హాయిగా ఆడుకుంటున్న పిల్లాడి మలం పంపినా చాలాసార్లు దొరుకుతుంది. ఆఫ్రికాలో నాలుగు చోట్ల, దక్షిణాసియాలో కోల్‌కతాతో కలిపి మూడు చోట్ల ఐదేళ్లలోపు పిల్లల మీద జెమ్స్ అనే పెద్ద అధ్యయనం చేశారు. 2013లో వచ్చిన దాని ఫలితాల ప్రకారం జబ్బు పిల్లల్లో 83 శాతం మందిలో కనీసం ఒక రోగక్రిమి ఉంది, విరేచనాలు లేని పిల్లల్లో 72 శాతం మందిలో ఉంది. దొంగతనం జరిగిన వీధిలో కనబడ్డ ప్రతివాణ్ణీ దొంగ అనలేం కదా!

అందుకే రెండు గుంపుల్నీ పోల్చి, జబ్బు పిల్లల్లో ఏది బాగా ఎక్కువగా ఉందో చూశారు. రోటావైరస్, క్రిప్టోస్పొరిడియం అనే పరాన్నజీవి కాకుండా, రెండు బ్యాక్టీరియాలు గట్టిగా పట్టుబడ్డాయి: ఒక రకం ఈ.కోలై, షిగెల్లా.

ఈ.కోలై అనగానే టెన్షన్ పడక్కర్లేదు, అది మనందరి పేగుల్లోనూ ఉండేదే. 1885లో ఎషెరిక్ అనే డాక్టర్ దాన్ని మొదట వర్ణించింది పసిపిల్లల మలం పరీక్షిస్తూనే. తేడా అంతా కొన్ని రకాలు వదిలే విషంలో ఉంది. పైన పట్టుబడ్డ రకం వదిలే ఎస్‌టీ అనే విషం మరీ చిన్నది, వేడికి తట్టుకుంటుంది. అది పేగు గోడ కణానికి అతుక్కుని లోపల క్లోరైడ్ ద్వారాలు తెరిపిస్తుంది, క్లోరైడ్ బయటికి పోతే దాని వెంట సోడియం, నీళ్లు కూడా పోతాయి. కణం మాత్రం చెడిపోదు, చక్కెరతో పాటు సోడియాన్ని లోపలికి లాక్కునే దారి తెరిచే ఉంటుంది. ఓఆర్‌ఎస్ పనిచేసేది ఆ దారిలోనే. దాంతోపాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇస్తారు. ఇలాంటి నీళ్ల విరేచనాలకి మామూలుగా యాంటీబయాటిక్ అక్కర్లేదు, అయినా అడిగి మరీ రాయించుకుంటాం, అది వేరే కథ.

షిగెల్లా అలా కాదు. 1897లో జపాన్‌లో కియోషి షిగా పట్టుకున్న ఈ బ్యాక్టీరియా పెద్దపేగు గోడ కణాల్లోకే దూరుతుంది. లోపలికి వెళ్లాక ఆ కణంలోని ప్రొటీన్‌నే తోకలా పేర్చుకుని, ఆ తోసుడుతో పక్క కణంలోకి చొచ్చుకుపోతుంది. గోడ పుండ్లు పడుతుంది, రక్తం, జిగురు పడతాయి, పిల్లాడు మెలిపెట్టే నొప్పితో మాటిమాటికీ ముక్కుతాడు. ఇక్కడ ఓఆర్‌ఎస్ ఒక్కటే చాలదు, యాంటీబయాటిక్ కావాలి, కానీ మందులకి లొంగని షిగెల్లా పెరుగుతోంది. కలరా రావాలంటే మామూలుగా లక్షల కొద్దీ, ఒక్కోసారి కోట్ల కొద్దీ క్రిములు కడుపులోకి పోవాలి, దీనికి పదుల సంఖ్యలో పోయినా చాలు. అంటే తాగే నీళ్లు శుభ్రంగా ఉన్నా, కడగని చెయ్యి చాలు.

పైగా ఇది ల్యాబ్‌ని కూడా మోసం చేస్తుంది, మలం నమూనాలో త్వరగా చచ్చిపోతుంది కాబట్టి పెంచి చూద్దామంటే చాలాసార్లు పెరగదు. అదే అధ్యయనం నమూనాల్ని జన్యు పరీక్షతో మళ్లీ చూసి, క్రిమి ఉందా అని మాత్రమే కాకుండా ఎంత ఉందో కూడా లెక్కిస్తే, 2016లో వచ్చిన ఆ ఫలితాల్లో షిగెల్లా మొదటి స్థానానికి ఎక్కింది.

మరి ఆరోగ్యంగా కనబడే పిల్లల్లో ఉన్నవి అమాయకమైనవా? నాకలా అనిపించదు. ఉదాహరణకి కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా. అది కోళ్ల పేగుల్లో ఉంటుంది, రెట్ట పడ్డ నేల మీద పాకే పిల్లలకి తేలిగ్గా చేరుతుంది. వెల్లూరుతో సహా ఎనిమిది చోట్ల పుట్టినప్పటి నుంచీ పిల్లల్ని గమనించిన మరో అధ్యయనంలో, ఇది పదేపదే కనబడిన పిల్లలు రెండేళ్లకి పొడవులో కాస్త వెనకబడ్డారు, విరేచనాలు లేకపోయినా సరే. ఇలాంటి క్రిములు పిల్లలకి చేరకుండా బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో ఇళ్లకి మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే ఏర్పాట్లు, నీళ్లలో క్లోరిన్ ఇచ్చి చూస్తే, విరేచనాలు తగ్గింది బంగ్లాదేశ్‌లోనే, ఎదుగుదల మాత్రం ఆ ఏర్పాట్ల వల్ల మూడు చోట్లా మెరుగుపడలేదు. చుట్టూ మురికి అలాగే ఉంచి తల్లికి సబ్బు చేతికిస్తే సరిపోతుందనుకోవడం నా దృష్టిలో మరీ ఎక్కువ ఆశించడమే. రోటావైరస్‌కి టీకా వచ్చింది, చాలా దేశాల్లో వేస్తున్నారు. షిగెల్లా టీకాలు ఇంకా ప్రయోగాల్లోనే ఉన్నాయి, దాంట్లో రకాలు చాలా కాబట్టి ఒక్క రకానికి చేసిన టీకాతో పని జరగదు.