కట్నం ఇచ్చాం కదా, ఇంకా వాటా ఏంటి? ఆడపిల్లల ఆస్తి హక్కుపై అపోహలు - వాస్తవాలు

మార్చి వచ్చిందంటే మాలాంటి సివిల్ లాయర్లకు ఎక్కడో ఒకచోట మహిళా దినోత్సవం సభకు పిలుపు వస్తుంది. మహిళలు సాధించిన విజయాల గురించి మాట్లాడమంటారు, మాట్లాడతాను. సభ అయ్యాక ఎవరో ఒకరు పక్కకు తీసుకెళ్లి, గొంతు తగ్గించి అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే. "మేడం, మా నాన్న కట్నం ఇచ్చే పెళ్లి చేశాడు. ఇప్పుడు అన్నయ్య సంతకం పెట్టమంటున్నాడు. పెట్టేయాలి కదా?"

అపోహ: కట్నం ఇస్తే ఆడపిల్ల వాటా తీరిపోయినట్టే.

వాస్తవం: తీరదు. ఏ చట్టంలోనూ ఆ మాట లేదు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం నేరం. ఆ నేరాన్నే చూపించి కూతురి వాటాలో జమ కడతామంటే ఎలా? పైగా కట్నం ఎవరి చేతికి వెళ్లినా దాన్ని పెళ్లికూతురికి అప్పగించాలని అదే చట్టం చెబుతోంది. జరిగేదేమిటి? ఆ డబ్బు ఆడపడుచు పెళ్లికో, మామగారి అప్పులకో పోతుంది. ఆమె కళ్లతో కూడా చూడని డబ్బును ఆమె లెక్కలో రాసి, వాటా కొట్టేస్తున్నారు. అన్నయ్య ఇంజినీరింగ్ సీటుకు, తమ్ముడి పెళ్లికి పెట్టిన ఖర్చును వాళ్ల వాటాలోంచి తీసేద్దామని ఏ ఇంట్లోనైనా అనగా నేను వినలేదు. పసుపు కుంకుమల కింద ఎకరమో అరెకరమో రాసిచ్చినా, అంతమాత్రాన తాతముత్తాతల నుంచి వచ్చిన మిగతా ఉమ్మడి ఆస్తిలో హక్కు దానంతట అదే పోదు.

ఈ హక్కు నిన్నమొన్నటిది కాదు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతోనే హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. హిందూ వారసత్వ చట్టానికి ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది. దేశమంతటికీ అది రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది, 2005 సెప్టెంబర్ 9. అందరికంటే ముందు చట్టం తెచ్చుకున్న చోటే ఇప్పటికీ ఆడపిల్లను "నీకేం వాటా" అని అడుగుతుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఈ అపోహను పట్టుకుని ఇంతసేపు మాట్లాడడానికి కారణం ఉంది. హక్కు లేదనుకున్న మనిషి సంతకం తేలిగ్గా పెడుతుంది. ఆ మధ్య ఒకావిడ నా దగ్గరకు వచ్చింది. తండ్రి పోయిన నెలలోనే తమ్ముడు "బ్యాంకు లోను కోసం అక్కా, ఊరికే ఫార్మాలిటీ" అని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్లాడట. ఫొటో దిగింది, వేలిముద్ర వేసింది, దారిలో టిఫిన్ తిని ఇంటికి వెళ్లింది. ఆ కాగితం తీసి చదివాను. అది హక్కు విడుదల దస్తావేజు. రెండో పేజీలో "నాకు రావలసిన ప్రతిఫలం నగదుగా పూర్తిగా ముట్టినది, ఇకపై నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కులు లేవు" అని ఉంది. ఆమెకు రూపాయి ముట్టలేదు. ఆ లైను మీద వేలు పెట్టి చూపిస్తే, "నేను చదువుకున్నదాన్నే మేడం, కానీ తమ్ముడు కదా" అంది. ఏం చెప్పాలి? మోసంతో రాయించుకున్న దస్తావేజును రద్దు చేయమని దావా వేయొచ్చు. కానీ మోసం తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపే వేయాలి. రుజువు చేయాల్సిన భారం కూడా ఆమె మీదే పడుతుంది. సంతకం పెట్టకుండా ఉంటే ఈ కష్టమే లేదు.

ప్రేమతో వాటా వదులుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు, అది ఆమె ఇష్టం. ఎంత వదులుతోందో తెలిసి వదలాలి, అంతే. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తే చాలని కొందరంటారు. భూమి, ఇల్లు లాంటి వాటిలో హక్కు విడుదల రిజిస్టర్ కాకపోతే చెల్లదు. అయినా అలాంటి కాగితం రేపు కోర్టులో మీకు తలనొప్పే. ఖాళీ స్టాంపు పేపరు మీద మాత్రం కన్నతండ్రి అడిగినా సంతకం పెట్టొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"1985కి ముందు పెళ్లయినవాళ్లకు లేదట." మన రాష్ట్ర సవరణలో ఆ మెలిక ఉండేది. 2005 సవరణతో పోయింది.

"నాన్న 2005కి ముందే పోయాడు కాబట్టి రాదు." వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఈ గొడవ తేల్చేసింది. 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదు. అయితే 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పంపకాలను, అమ్మకాలను ఇప్పుడు తిరగదోడలేరు. అంతకుముందు 2018లో కర్ణాటక నుంచి దానమ్మ అక్కాచెల్లెళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాటా తెచ్చుకున్నారు. మహిళా దినోత్సవం నాడు శాలువాలు కప్పాల్సింది ఇలాంటివాళ్లకు.

"పొలానికి వర్తించదు." వర్తిస్తుంది. "పాస్‌బుక్ అన్నయ్య పేరు మీద ఉంది." పాస్‌బుక్‌లో పేరు ఎక్కినంత మాత్రాన అక్కాచెల్లెళ్ల హక్కు పోదు.

ఆడపిల్లలకూ ఒక అపోహ ఉంది, అదీ చెప్పాలి. నాన్న సొంతంగా సంపాదించిన దాంట్లో పుట్టుకతో హక్కు ఎవరికీ లేదు, కొడుక్కీ లేదు. స్వార్జితం ఆయన ఎవరికైనా వీలునామా రాయొచ్చు. రాయకుండా పోతే మాత్రం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికి ఉంటే ఆయన తల్లికి సమాన వాటాలు.

ఇదంతా హిందూ వారసత్వ చట్టం సంగతి. క్రైస్తవుల్లో 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం కొడుకూ కూతురూ సమానం. ముస్లింల లెక్క వేరు, గిరిజనుల్లో ఆచారాన్ని బట్టి ఉంటుంది.

చివరికి అందరూ అనే మాట "అడిగితే పుట్టిల్లు దూరమైపోతుందేమో మేడం." ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. అమ్మ ఇంకా ఆ ఇంట్లోనే ఉంటుంది, రాఖీ కట్టాల్సిన అన్న అక్కడే ఉంటాడు. అందుకే అడగగానే దావా వేయమని నేను చెప్పను. ముందు దస్తావేజు నకళ్లు, ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) తీయించండి. పెద్దమనుషుల్లో కూర్చోండి, కుదిరితే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోండి. కాకపోతే ఏళ్ల తరబడి నాన్చొద్దు. మిమ్మల్ని వాటా నుంచి తప్పించారని తెలిశాక పన్నెండేళ్లు దాటితే దావాకు కాలదోషం పట్టొచ్చు. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్లు 15100కి ఫోన్ చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా సరే అక్కడ లాయరును ఉచితంగా ఇస్తారు.