చప్పుడు ఎక్కడ కాదు, ఎప్పుడు?

పోయిన వానాకాలం నుంచి మా కారు ముందు ఎడమ పక్క "టక్" అనడం మొదలుపెట్టింది. టోలిచౌకి వైపు వెళ్తుంటే మ్యాన్‌హోల్ మూతకొక టక్. ఒక వర్క్‌షాపులో చూపిస్తే ఓ రౌండు నడిపొచ్చి "షాకబ్జర్లు రెండూ పోయాయి సార్" అన్నారు. వాటి నుంచి ఆయిల్ కారడం లేదు, బానెట్ గట్టిగా నొక్కి వదిలితే బండి ఊగకుండా వెంటనే నిలబడుతోంది (ఇది పక్కా పరీక్షేం కాదు, అయినా ఒక ఆధారం), మరి పోయిందేంటని అడిగితే సరైన జవాబు లేదు. వచ్చేశాను.

తర్వాత మలక్‌పేటలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్తే, ఆయన చప్పుడు ఎక్కణ్నుంచి అని అడగనే లేదు. "ఆవాజ్ కబ్ ఆరా సాబ్?" అన్నాడు. బ్రేక్ కొట్టినప్పుడా, స్టీరింగ్ తిప్పినప్పుడా, గుంటలోనా?

ఆ ప్రశ్నలోనే సగం రిపేరు ఉంది. శబ్దం గాలిలో సెకనుకు 340 మీటర్లు పోతే ఉక్కులో 5,000 మీటర్లకు పైనే పోతుంది. చక్రం దగ్గర ఇనుము ఇనుముకు తగిలితే ఆ దెబ్బ మొత్తం బాడీకి పాకి, ఫ్లోరు, డోరు, డ్యాష్‌బోర్డు అన్నీ కలిసి మోగుతాయి. మన చెవేమో రెండు చెవులకూ శబ్దం చేరడంలో వచ్చే మిల్లీసెకను కన్నా తక్కువ తేడాను బట్టి దిక్కు కనిపెడుతుంది. నాలుగు వైపులా రేకు మోగుతుంటే పాపం అదేం చేస్తుంది? అందుకే "ఎడమ పక్కే" అని ఒట్టేసి చెప్పినవాళ్ల బండిలో ఒక్కోసారి కుడి పక్క పార్టు అరిగి ఉంటుంది.

మన చిన్న కార్లలో చాలావాటికి ముందు ఉండేది మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్, 1940ల్లో ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ అనే ఇంజినీరు రూపొందించిన ఏర్పాటు. స్ప్రింగు, షాకబ్జర్ ఒకే గొట్టంగా నిలబడతాయి, కింద లోయర్ ఆర్మ్ చక్రాన్ని పట్టుకుంటుంది. చాలా బండ్లలో వీటికి తోడు, మలుపుల్లో బండి ఒరగకుండా ఎడమ, కుడి పక్కల్ని కలిపే ఒక స్టెబిలైజర్ బార్ ఉంటుంది. దాన్ని రెండు పక్కలా పట్టుకునే సన్నటి కడ్డీలే లింక్ రాడ్‌లు.

తమాషా ఇక్కడే. స్పీడ్ బ్రేకర్‌ను తిన్నగా ఎక్కితే రెండు చక్రాలూ కలిసి లేస్తాయి, బార్ మెలి తిరగదు, లింక్ రాడ్ మీద పెద్దగా బరువు పడదు. ఏటవాలుగా ఎక్కితే ముందు ఒక చక్రమే లేస్తుంది, బార్ మెలి తిరిగి లింక్ రాడ్‌ను ఒకసారి నొక్కుతుంది, ఒకసారి లాగుతుంది. దాని చివర గుండు కూర్చునే గిన్నె కాస్త అరిగినా చాలు, ఆ సందులో గుండు అటూ ఇటూ కొట్టుకుంటుంది. మా వీధి చివర బ్రేకర్ మీద నడిపి చూశాం: తిన్నగా ఎక్కితే నిశ్శబ్దం, ఏటవాలుగా ఎక్కితే టక్, టక్.

అదే బ్రేక్ వేసిన క్షణంలో ఒక్కసారి "దబ్" అంటే ఎక్కువసార్లు లోయర్ ఆర్మ్ బుష్ (ఆర్మ్ బాడీకి బిగిసే చోటి రబ్బరు) చిరిగినట్టు. నిలబడ్డ బండిలో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు ఎగిరినట్టు "టంగ్" అంటే పైనున్న స్ట్రట్ మౌంట్ బేరింగ్. ఫుల్ టర్న్‌లో యాక్సిలరేటర్ నొక్కితే కటకటమంటే అసలది సస్పెన్షనే కాదు, డ్రైవ్ షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే ఇరుసు) జాయింట్. లోయర్ ఆర్మ్‌ను చక్రానికి కలిపే గుండు కీలు, అంటే బాల్ జాయింట్ లూజైతే మాత్రం వాయిదా వేయకండి, అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది.

ఖాయం చేసుకోవడానికి పెద్దాయన ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రం వెనక చెయ్యి పెట్టి లింక్ రాడ్ చివర రెండు వేళ్లతో పట్టుకున్నాడు. కుర్రాడు బండిని పక్కలకు ఊపాడు. "చెయ్యి పెట్టండి" అన్నాడు నన్ను. చెవికి అందని దెబ్బ వేలికి అందింది, సన్నగా, నాడి కొట్టుకున్నట్టు.

పాత నట్టు తుప్పు పట్టి పానాకు లొంగక గ్రైండర్‌తో కోయాల్సొచ్చింది. ఒకటే అరిగినా రెండూ మార్పించాను. లింక్ రాడ్‌కు అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) అక్కర్లేదు, లోయర్ ఆర్మో, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండో మార్చితే కావాలి. లోయర్ ఆర్మ్ బుష్ మార్చేటప్పుడు ఇంకో మెలిక ఉంది: చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించేస్తే, బండి కిందికి దిగాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి తొందరగా చిరుగుతుంది. బరువు చక్రాల మీద పడ్డాకే ఆఖరి బిగింపు. తొందరలో ఈ పని వదిలేసే గ్యారేజీలు తక్కువేం కాదు, కాబట్టి పక్కనే నిలబడి అడగండి.

విప్పిన లింక్ రాడ్‌ను పెద్దాయన నా చేతిలో పెట్టాడు. కొత్తదాని గుండును బొటనవేలితో బలంగా తోస్తే గానీ కదల్లేదు. పాతది నిలబెట్టగానే దానంతటదే తల వాల్చేసింది.