ప్లేయర్‌లో ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నారా? పాటల సంగతి ముందు చూసుకోండి: అపోహలు - వాస్తవాలు

ఈ మధ్య షాపుకొచ్చేవాళ్లలో చాలామంది అడిగే పని ఒకటే. "మ్యూజిక్ ప్లేయర్ కొన్నాం, లోపల ఎస్‌ఎస్‌డీ వేసి పెట్టండి" అని. ఎస్‌ఎస్‌డీ అంటే పాటల ఫైళ్లు నిల్వ చేసే డిస్కు, ఎక్కువగా చిన్న కార్డులా ఉంటుంది. వేసే పని చిన్నదే. ప్లగ్గు పీకి, అడుగున మూత విప్పి, కార్డును ఏటవాలుగా స్లాట్‌లోకి జొనిపి, కిందికి వంచి, చివర చిన్న స్క్రూ బిగిస్తే అయిపోతుంది. ఆ కాసేపట్లో నేను చెప్పే జాగ్రత్త మాత్రం సగం మంది చెవిన పెట్టరు. కొన్నాళ్లకు వాళ్లలోనే ఒకరు మొహం వేలాడేసుకుని మళ్లీ గడప తొక్కుతారు. ఎదురుగా కూర్చోబెట్టి చెబితే వినని మాట చదివితేనైనా ఎక్కుతుందేమోనని రాస్తున్నాను.

నాది నెల్లూరు. టేప్‌రికార్డర్లు, ఆంప్లిఫైయర్లు బాగుచేయడంతో మొదలై ఇప్పుడు ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించుకుని పాటలు వినే నెట్‌వర్క్ ప్లేయర్ల దాకా వచ్చాను. కావలి, ఆత్మకూరు, ఒంగోలు నుంచి కూడా పని మీద వస్తుంటారు. బాలు గారు పెరిగిన ప్రాంతం కదా, పాటంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. 2020 సెప్టెంబర్‌లో ఆయన పోయాక, అటక మీది క్యాసెట్లు దించి డిజిటల్‌లోకి మార్పించుకుంటున్నవాళ్లు ఎక్కువయ్యారు. సినిమా పాటలైతే పోయినా మళ్లీ దొరుకుతాయి. పెళ్లిలో నాయనమ్మ పాడిన మంగళహారతి, ఊళ్లో తాత చెప్పిన హరికథ ఏ కంపెనీ దగ్గరా దొరకవు. నా టెన్షనంతా వాటి గురించే.

అపోహ: ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు, అందులో పెట్టింది ఎక్కడికీ పోదు

అన్నింటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. తిరిగే భాగాలు లేవన్నది నిజం. కింద పడితే పాత హార్డ్ డిస్క్ కంటే బాగా తట్టుకుంటుందన్నదీ నిజం. అంతమాత్రాన పోదని ఎవరు చెప్పారు? లోపల ఫ్లాష్ చిప్పులుంటాయి, వాటిని నడిపించే కంట్రోలర్ ఒకటి ఉంటుంది. ఏ పాట ముక్క ఏ చిప్పులో ఏ మూల ఉందో ఆ కంట్రోలర్‌కే తెలుసు. అది పోయిందంటే చిప్పులు బాగానే ఉన్నా ఇంట్లో మనకు చిక్కేది ఏమీ ఉండదు. హార్డ్ డిస్క్ చాలాసార్లు పోయే ముందు టిక్ టిక్‌మని శబ్దం చేస్తుంది, నత్తనడక నడుస్తుంది, మనకు కాస్త టైమిస్తుంది. ఎస్‌ఎస్‌డీ రాత్రి బాగా పాడి, పొద్దున ఆన్ చేస్తే అసలు కనపడకుండా పోయిన సందర్భాలు ఉన్నాయి.

నేను చూసే కేసుల్లో డిస్కు తనంతట తాను చచ్చిపోవడం తక్కువే. మనుషులు చేతులారా చెరుపుకోవడమే ఎక్కువ. ఎలాగో చెబుతాను.

కావలి వైపు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. వాళ్ల నాన్నగారు పౌరాణిక నాటకాల్లో వేషాలు కట్టేవారు. ఆయన పద్యాలున్న క్యాసెట్లను తెలిసిన కుర్రాడెవరో ఓపిగ్గా డిజిటల్‌లోకి ఎక్కించి లాప్‌టాప్‌లో పెట్టాడు. మాస్టారి అబ్బాయి బెంగళూరు నుంచి కొత్త ప్లేయర్, దాంతోపాటు 1 టీబీ ఎస్‌ఎస్‌డీ పంపాడు. ఎస్‌ఎస్‌డీని చిన్న యూఎస్‌బీ కేసులో పెట్టి, లాప్‌టాప్‌లోని పద్యాలన్నీ దాంట్లోకి ఎక్కించారు. లాప్‌టాప్ నిండిపోయిందని అక్కడ డిలీట్ చేశారు. క్యాసెట్లకు బూజు పట్టిందని పారేశారు. తర్వాత డిస్కును ప్లేయర్‌లో వేసుకుని ఆన్ చేస్తే స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదో ప్రశ్న వచ్చింది. ఓకే నొక్కారు. అది ఫార్మాట్ చేయమంటారా, అంటే డిస్కంతా చెరిపి కొత్తగా సిద్ధం చేయమంటారా అన్న ప్రశ్న.

ఆ డిస్కు విప్పి అరచేతిలో పెట్టుకుని వచ్చారాయన. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు, మీద కంపెనీ స్టిక్కర్, ఒక కొసన బంగారు రంగు కాంటాక్టులు. దాని మీద ఒక్క గీత కూడా లేదు. "డిస్కు ఇక్కడే ఉంది కదా నాయనా, పద్యాలు ఎక్కడికి పోతాయి?" అన్నారు. దానికి జవాబు చెప్పడం నాకు చాలా కష్టమైంది.

జవాబు ఇదీ. పాత హార్డ్ డిస్క్‌లో ఫైలు డిలీట్ చేస్తే పేరు మాత్రమే చెరిగేది. దాని మీద వేరేది రాసేదాకా అసలు సరుకు అక్కడే ఉండేది. అందుకే రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు లాగగలిగేవాళ్లం. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. ఫలానా చోటు ఇక అక్కర్లేదని సిస్టమ్ డిస్కుకు చెబుతుంది, డిస్కు దాన్ని వెనకాలే తుడిచి ఖాళీ చేసుకుంటుంది. లినక్స్, ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్లలో ఫార్మాట్ కొట్టినప్పుడు సాధారణంగా డిస్కు మొత్తానికి ఒకేసారి ఆ మాట వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టి చూసినా వచ్చేవి సున్నాలే. మనవాళ్లు ఏ పెద్ద సమస్య వచ్చినా మద్రాసు రైలెక్కుతారు. దీనికి మద్రాసులోనూ మందు లేదు. "మా దగ్గర స్పెషల్ మిషన్ ఉంది, కొంచెం అడ్వాన్స్ ఇవ్వండి" అన్నవాడికి డబ్బులు కట్టకండి. కంట్రోలర్ చెడిపోయిన డిస్కు సంగతి వేరు, మంచి ల్యాబ్‌లో కొంత ఆశ ఉంటుంది. ట్రిమ్ అయిపోయినదానికి ఆ ఆశ కూడా లేదు.

మాస్టారి విషయంలో ఒక్క అదృష్టం, క్యాసెట్లు ఎక్కించిన కుర్రాడు మాస్టారి మేనత్తగారికి పెన్‌డ్రైవ్‌లో కొన్ని పద్యాలు వేసిచ్చాడట. అవి దొరికాయి. మిగతావి పోయాయి.

ఇందులో మరో ఉచ్చు కూడా ఉంది, ఇది ఇంకా దారుణం. ప్లేయర్ చాలాసార్లు డిస్కును తన పద్ధతిలో, అంటే ఈఎక్స్‌టీ4 లాంటి ఫైల్ సిస్టమ్‌లో (డిస్కులో ఫైళ్లు సర్దే పద్ధతిలో) ఫార్మాట్ చేసుకుంటుంది. ఆ డిస్కును ఎప్పుడైనా తీసి విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే దానికి అది అర్థం కాదు. "ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని అడుగుతుంది. పాటలన్నీ లోపల భద్రంగానే ఉంటాయి, విండోస్‌కు చదవడం రాదంతే. అక్కడ క్యాన్సిల్ నొక్కండి. దయచేసి క్యాన్సిల్ నొక్కండి. డిస్కును తిరిగి ప్లేయర్‌లో పెట్టి, నెట్‌వర్క్ ద్వారా ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు.

మరి ఏం చేయాలి? ఖాళీ ఎస్‌ఎస్‌డీనే ప్లేయర్‌లో వేయండి. ఫార్మాట్ అడిగితే అప్పుడే కానివ్వండి, పోయేదేమీ ఉండదు. ఆ తర్వాతే పాటలు ఎక్కించండి. ఎక్కించాక ఫోల్డర్ సైజు, ఫైళ్ల లెక్క రెండు చోట్లా సరిపోయాయో లేదో చూడండి, అక్కడొకటి ఇక్కడొకటి తెరిచి చివరిదాకా వినండి. అసలు కాపీని మాత్రం కదిలించొద్దు. ఒక మామూలు యూఎస్‌బీ హార్డ్ డిస్క్ కొని అందులో పెట్టి బీరువాలో దాచండి. దొరకని రికార్డింగులైతే ఇంకో కాపీ కూతురింట్లోనో తమ్ముడింట్లోనో ఉంచండి. గంట క్యాసెట్‌ను సీడీ క్వాలిటీలో మారిస్తే 635 ఎంబీ అవుతుంది, క్వాలిటీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైలుగా చేస్తే ఇంకా తగ్గుతుంది. మొత్తం ఇంటి జ్ఞాపకాలు ఒక చిన్న డిస్కులో పడతాయి. ప్లేయర్‌లోని ఎస్‌ఎస్‌డీ వినడానికి. దాచడానికి వేరేది ఉండాలి.

ఇంకో మాట, మన దగ్గర కరెంటు సంగతి తెలిసిందే. కాపీ అవుతుండగా కరెంటు పోతే ఆ ఫైలుతో పాటు ఒక్కోసారి ఫైల్ సిస్టమే చెడుతుంది. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను రోజుల్లాంటప్పుడు ఈ పని పెట్టుకోకండి. ఎప్పుడు కాపీ చేసినా ప్లేయర్‌ను ఇన్వర్టర్ మీద ఉంచి చేయండి.

అపోహ: ఫలానా ఎస్‌ఎస్‌డీ వేస్తే సౌండ్ మారుతుంది

మారదు. ఫైలులోని అంకెలు ముందు ప్లేయర్ మెమరీలోకి వస్తాయి, అక్కడినుంచి డాక్‌కు, అంటే అంకెలను శబ్దపు సిగ్నల్‌గా మార్చే చిప్పుకు, దాని సొంత క్లాక్ లెక్కన వెళ్తాయి. ఏ డిస్కు నుంచి చదివినా అంకెలు అవే. "బేస్ బిగుతుగా వచ్చింది" అనేవాళ్లతో నేను వాదించను కానీ, ఆ మాట నమ్మి రెట్టింపు రేటు పెట్టేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. ఒక్క తేడా మాత్రం ఒప్పుకోవాలి. హార్డ్ డిస్క్ తిరిగే హోరు నిశ్శబ్దంగా ఉన్న గదిలో వినపడుతుంది, ఎస్‌ఎస్‌డీలో ఆ బాధ లేదు.

అపోహ: ఎంత స్పీడు డిస్కైతే అంత మంచిది

సీడీ క్వాలిటీ పాటకు సెకనుకు 1,411 కిలోబిట్లు చాలు. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ ఫైలైనా సెకనుకు సుమారు 1.15 ఎంబీ. సాటా అనే పాత రకం కనెక్షన్ ఉన్న మామూలు ఎస్‌ఎస్‌డీయే సెకనుకు 500 ఎంబీ దాటి చదువుతుంది. బండి కాలవగట్టు మీద పోవడానికి రేసు ఇంజిన్ దేనికి? పైగా జెన్4, జెన్5 అనే కొత్త తరాల స్పీడు డిస్కులు వేడెక్కుతాయి. ఈ ప్లేయర్లలో చాలావాటికి ఫ్యాన్ ఉండదు. నెల్లూరు మే నెల ఎండలో మూసిన డబ్బాలో అలాంటిది పెట్టడం అనవసరం. హీట్‌సింక్ (వేడి లాగే లోహపు పట్టీ) అంటించిన డిస్కు తెచ్చి, మూత పట్టక వెనక్కి తీసుకెళ్లినవాళ్లూ ఉన్నారు. సాదా జెన్3 చాలు.

అపోహ: ఎం.2 అని ఉంటే ఏదైనా పడుతుంది

ఎం.2 అనేది ఆకారం పేరు మాత్రమే. లోపల సాటా ఉండొచ్చు, దానికంటే వేగమైన ఎన్‌వీఎంఈ అనే కనెక్షన్ ఉండొచ్చు. సాటా కార్డు ఎన్‌వీఎంఈ స్లాట్‌లో చక్కగా దూరుతుంది, స్క్రూ కూడా పడుతుంది, కానీ ప్లేయర్‌కు కనపడదు. డిస్కు చెడిపోయిందని తిట్టుకుంటూ వస్తారు, పాపం అది బాగానే ఉంటుంది. ఎవర్‌సోలో డీఎంపీ-ఏ6 లాంటివి ఎన్‌వీఎంఈ అడుగుతాయి, 4 టీబీ దాకా తీసుకుంటాయి. కొన్ని ప్లేయర్లు 2.5 అంగుళాల సాటా డిస్కే తీసుకుంటాయి. కొనకముందే మాన్యువల్‌లో రకం, పొడవు, గరిష్ఠ సైజు మూడూ చూసుకోండి. కార్డు కొసన ఉండే గాట్లు లెక్కపెట్టి రకం తేల్చుకోవద్దు, స్టిక్కర్ మీద రాసింది చదవండి.

అపోహ: 1 టీబీ అని చెప్పి 931 జీబీ ఇచ్చి మోసం చేశారు

మోసం కాదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. షాపువాళ్లతో గొడవ పడకండి.

అపోహ: రోజంతా పాటలు వింటే ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుంది

దాన్ని అరగదీసేది రాయడం. పాట వినడమంటే చదవడం. 1 టీబీ డిస్కుల్లో చాలావాటికి 600 టీబీ దాకా రాయొచ్చని కంపెనీలే రాసిస్తున్నాయి, అంటే డిస్కును మొత్తం నింపి చెరిపి 600 సార్లు చేయాలి. పాటల ప్లేయర్‌లో ఎవరు చేస్తారు? హాయిగా వినండి.

అపోహ: కరెంటు తీసి పక్కన పెడితే పాటలు వాటంతటవే చెరిగిపోతాయి

2015లో ప్రపంచమంతా తిరిగిన పుకారు ఇది, ఇప్పటికీ ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తూనే ఉంటారు. దాని వెనకున్నది మెమరీ చిప్పులకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రమాణం. మామూలు వాడకపు డిస్కు, రాత ఆయుష్షు మొత్తం వాడేశాక కూడా, 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాదిపాటు డేటా నిలపాలన్నది ఆ కొలమానం. కొత్త డిస్కు అంతకంటే చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. వేడి ఎక్కువైతే ఆ కాలం తగ్గుతుందన్నది మాత్రం నిజం, కాబట్టి రేకుల షెడ్డులో ఏళ్ల తరబడి పడేయకండి. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లొస్తాం అని భయపడే పెద్దవాళ్లు నిశ్చింతగా వెళ్లిరండి.

అపోహ: మూత విప్పితే వారంటీ పోతుంది

అడుగున డిస్కు కోసమే ఇచ్చిన మూతైతే పోదు, కంపెనీయే విప్పమని మాన్యువల్‌లో రాస్తుంది. స్లాట్ లేని ప్లేయర్ క్యాబినెట్ మొత్తం విప్పాలంటే మాత్రం వారంటీ కార్డు చదివాకే విప్పాలి. వేయడం మీరే చేసుకోవాలనుకుంటే స్టాండ్‌బైలో వదలకుండా ప్లగ్గు పూర్తిగా పీకండి, ఏదైనా లోహపు వస్తువు ముట్టుకుని చేతిలోని స్టాటిక్ పోగొట్టుకోండి, కార్డును అంచులతో పట్టుకోండి. ఆ చివరి స్క్రూ మరీ చిన్నది. అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవర్‌తో పట్టుకోండి, బోర్డు మీద జారిపడితే వెతికి తీసేదాకా కరెంటు ఇవ్వొద్దు. కొత్త డిస్కు, అందులోనూ నమ్మలేనంత తక్కువ రేటుకు దొరికిన 2 టీబీ డిస్కు అయితే, ప్లేయర్‌లో వేసే ముందే కంప్యూటర్‌కు తగిలించి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం రాసి చదివించండి. పైకి 2 టీబీ చూపించి లోపల 64 జీబీయే ఉన్న నకిలీ సరుకైతే అక్కడే బయటపడుతుంది, వాపసు గడువు దాటకముందే ఇచ్చేయొచ్చు.