1940 బ్రిటన్ గగనతల రక్షణ: రాడార్ గురించి అపోహలు - వాస్తవాలు

అపోహ: రాడార్ ఒక్క బ్రిటన్‌కే ఉంది కాబట్టి 1940లో జర్మన్ వైమానిక దాడుల ముందు నిలబడగలిగింది.

వాస్తవం: జర్మనీకీ రాడార్ ఉంది. వాళ్ల ఫ్రెయా 2.4 మీటర్ల తరంగంతో పనిచేసేది. బ్రిటన్ తీరం వెంట కట్టిన రాడార్ల వరుస చెయిన్ హోమ్‌ది 10 మీటర్లకు పైబడిన తరంగం, 360 అడుగుల ఉక్కు టవర్లు. పొట్టి తరంగం వల్ల పరికరంగా ఫ్రెయాయే మెరుగు. బ్రిటన్ గెలిచింది రాడార్ చూసిన తర్వాత జరిగే పనిలో. తీరంలోని స్టేషన్లు ఫోన్‌లో ఫైటర్ దళ ప్రధాన కార్యాలయమైన బెంట్లీ ప్రయరీలోని ఫిల్టర్ రూమ్‌కు చెప్పేవి. ఒకే దండు గురించి రెండు మూడు స్టేషన్లు చెప్పిన పొంతనలేని లెక్కలను అక్కడ ఒకే దారిగా తేల్చి, ఒక్కో ప్రాంతాన్ని కాచే గ్రూపులకూ, వాటి కింది సెక్టార్లకూ పంపేవారు. సెక్టార్ కంట్రోలర్ రేడియోలో ఫైటర్లను నడిపేవాడు. చెయిన్ హోమ్ చూపు సముద్రం వైపే. తీరం దాటి లోపలికొచ్చిన విమానాలను నేల మీద కాపు కాసే అబ్జర్వర్ కోర్ మనుషులు కళ్లతో, చెవులతో పట్టుకోవాల్సిందే.

ఈ పద్ధతిని 1936లోనే బిగిన్ హిల్ వైమానిక స్థావరంలో సాధన చేశారు. రాడార్ ఇంకా సిద్ధం కాలేదు. సమాచారం వచ్చినట్టే భావించి కసరత్తు చేశారు. ఫైటర్‌ను ఎటు పంపాలో తేల్చడానికి, ఫైటర్‌నూ బాంబర్‌నూ కలుపుతూ గీత గీయాలి. బాంబర్ దారి ఆ గీతతో ఎంత కోణం చేస్తే, ఫైటర్ కూడా గీతకు అదే పక్కన అంతే కోణంలో వెళ్లాలి. వేగాలు సమానమైతే ఇద్దరూ ఒకే చోట కలుస్తారు. బాంబర్ దారి మార్చిందా, గీత మళ్లీ గీయాలి.

అపోహ: "బాంబర్‌ను ఆపలేం" అన్న నమ్మకం ఉత్త పిరికితనం.

వాస్తవం: 1932లో బ్రిటన్ నాయకుడు బాల్డ్విన్ పార్లమెంటులో ఆ మాట అన్నప్పుడు ముందస్తు హెచ్చరికకు ఆధారం ఇంజిన్ చప్పుడే. ఆ భయమే 1935 జనవరిలో గగనతల రక్షణపై శాస్త్రవేత్తల టిజార్డ్ కమిటీని కూర్చోబెట్టింది. రేడియో తరంగాలతో మనిషిని చంపగలమా అని అడిగితే, కుదరదని శాస్త్రవేత్త విల్కిన్స్ లెక్క తేల్చింది. విమానం నుంచి వెనక్కి వచ్చే తరంగాన్ని మాత్రం పట్టుకోవచ్చని తేలింది. ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర హేఫోర్డ్ బాంబర్‌పై పరీక్షించి చూశారు.

అపోహ: కళ్లెదుట రుజువు కనిపిస్తే సైన్యాలు నమ్మకం మార్చుకుంటాయి.

వాస్తవం: బారులు తీరి ఎగిరే బాంబర్లు తమను తామే కాపాడుకుంటాయని అమెరికా విమానదళం నమ్మింది. 1940లో జర్మన్ బాంబర్లు కూలడం చూసి కూడా, వాటికి తుపాకులు తక్కువ కాబట్టే అలా జరిగిందని సర్దిచెప్పుకుంది. 1943 అక్టోబర్ 14న జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్‌పైకి పంపిన 291 బి-17 బాంబర్లలో 60 తిరిగి రాలేదు. తోడు ఫైటర్లు ఇంధనం చాలక సగం దారిలోనే వెనుదిరిగాయి. రెక్కల కింద అదనపు ట్యాంకులు కట్టడానికి కొత్త శాస్త్రమేమీ అక్కర్లేదు. బాంబర్‌కు తోడు అవసరమని ఒప్పుకుంటే చాలు. అలాంటి ట్యాంకులతోనే 1944 మార్చిలో పి-51 ఫైటర్లు బెర్లిన్ దాకా తోడు వెళ్లాయి.