“మా కళ్ల ముందే ఓ గ్లాసు తాగనీ”: కొన్ని అపోహలు, వాస్తవాలు

డీ-అడిక్షన్ సెంటర్లో టీనేజ్ పిల్లల కౌన్సెలింగ్ చూస్తాను. కొడుకును వెంటబెట్టుకుని వచ్చే తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినే మాటలివి.

అపోహ: బయట ఎక్కడో తాగే బదులు ఇంట్లో మా ముందు కొంచెం తాగితే హద్దు తెలుస్తుంది.

వాస్తవం: వినడానికి తెలివైన మాటే. అందుకేనేమో బాగా చదువుకున్నవాళ్లే ఎక్కువ అంటారు. ఆస్ట్రేలియాలో 1,900 మందికి పైగా పిల్లలను 12, 13 ఏళ్ల వయసు నుంచి ఆరేళ్లు గమనించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. తల్లిదండ్రులు పోసిచ్చినందువల్ల పిల్లలకు ఏ రక్షణా దొరకలేదు. పైగా మరుసటి ఏడాది బయటి నుంచి కూడా మందు సంపాదించుకోవడం వాళ్లలోనే ఎక్కువగా కనిపించింది. నాన్నే పోశాడంటే ఇక తప్పేముందని పిల్లవాడు అనుకుంటాడు. ఇంకో సంగతి. తెలుగు రాష్ట్రాల్లో తాగడానికి 21 ఏళ్లు నిండాలి. 18 ఏళ్లలోపు వాళ్లకు మందు ఇస్తే జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

అపోహ: నేను తాగినా, వాడికి మాత్రం తాగొద్దనే చెబుతాను.

వాస్తవం: చెబుతారు, నిజమే. ఆ నోటితోనే “ఒరేయ్, ఫ్రిజ్‌లోంచి ఐసు పట్రా” అనీ అంటారు. సోడాకు, పకోడీకి పంపేదీ వాడినే. ఆఫీసులో టెన్షన్ అంటూ సీసా తెరిచే నాన్నను పదేళ్లుగా చూసినవాడికి, ఇంటర్‌లో మార్కులు తగ్గిన రోజు ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. తండ్రి తాగితే కొడుకూ తాగి తీరతాడని కాదు. మందు ముట్టని ఇళ్ల నుంచీ పిల్లలు వస్తారు. కానీ పెళ్లిలో బావగారు తాగి చేసిన గోలను ఏడాదంతా నవ్వుతూ చెప్పుకునే ఇంట్లో “తాగొద్దు” అన్న మాటకు బరువుండదు.

అపోహ: తాగింది బీరే కదా.

వాస్తవం: 8 శాతం ఆల్కహాల్ ఉన్న స్ట్రాంగ్ బీరు 650 మి.లీ. సీసా ఒక్కటి, విస్కీ 30 మి.లీ. పెగ్గులు నాలుగింటికి సమానం.

అపోహ: నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.

వాస్తవం: దాచడం నేర్చుకుంటాడు. నాన్నకు తెలిస్తే చంపేస్తాడని అమ్మ కూడా దాస్తుంది. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చే కేసుల్లో ఇది తరచూ చూస్తాను. ఇంట్లో నియమం గట్టిగానే ఉండాలి, అయినా వాడు మీకు ఫోన్ చేయగలగాలి. బండి నడిపే ఫ్రెండు తాగి ఉన్న రాత్రి, మీకు భయపడే పిల్లవాడు ఆ బండే ఎక్కుతాడు. “ఎక్కడున్నా ఫోన్ చెయ్, నేనొచ్చి తీసుకెళ్తా, తిట్లు రేపు” అని ముందే చెప్పి ఉంచండి.

ఎప్పుడైనా తాగి వస్తే ఆ రాత్రి వాదన పెట్టుకోకండి. వాంతి గొంతుకు అడ్డం పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలకండి. లేపినా లేవకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా 108కి ఫోన్ చేయండి. మత్తు దిగుతుందని మజ్జిగా నిమ్మరసమూ నోట్లో పోయకండి. మాటలు మర్నాడు, వాడు తిన్నాక. ఎలా మొదలుపెట్టాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.