క్లీనర్లు లేని లారీలు: డ్రైవర్ల కొరత వెనుక కథ

చెప్పిన రోజుకు సరకు చేరడం లేదని వ్యాపారులు, నమ్మి బండి అప్పగించదగిన మనిషి దొరకడం లేదని లారీ ఓనర్లు కొన్నేళ్లుగా వాపోతున్నారు. ఇద్దరూ చివరకు తేల్చేది ఒకటే: ఇప్పటి కుర్రాళ్లకు ఒళ్లు వంగడం లేదని. దేశంలో సుమారు 22 లక్షల మంది డ్రైవర్ల కొరత ఉందని 2019లో కేంద్ర రవాణా శాఖే ప్రకటించి, రవాణా వాహనాల లైసెన్సుకు ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న నిబంధనను అదే ఏడాది ఎత్తివేసింది. దానివల్ల దరఖాస్తులు పెరగవచ్చు గానీ, లైసెన్సు చేతికొచ్చిన మనిషికి పని నేర్పేదెవరన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఒకప్పుడు ఆ నేర్పడం లారీలోనే, డ్రైవరు పక్కన సహాయకుడిగా కూర్చున్న క్లీనరుకు జరిగేది.

పవర్ స్టీరింగ్ లేని ఆ రోజుల్లో ఛాసిస్ (ఇంజిను, చక్రాలున్న చట్రం) కొని తెచ్చి, 1960ల దశకంలో రూపుదిద్దుకున్న విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చెక్కతో బాడీ, క్యాబిన్ కట్టించుకునేవారు. అలాంటి బండి ఎక్కిన పిల్లవాడు మొదట నేర్చుకునేది స్టీరింగ్ కాదు. రేడియేటరులో నీళ్లు, టైర్లలో గాలి చూడటం, ఘాట్ రోడ్డులో బండి ఆగితే చక్రాల కింద దిమ్మ వేయడం, బస్తాలు లెక్కపెట్టుకోవడం, వాన పడేలోగా పట్టా కప్పి తాడు బిగించడం, వెనక నిలబడి బాడీ మీద చరుస్తూ రివర్సు చెప్పడం, రాత్రి సరకు మీదే పడుకుని కాపలా కాయడం వాడి పనులు. కమాను కట్ట (చక్రాల మీది స్ప్రింగు పట్టీలు) విరిగి బండి షెడ్డుకు వెళితే మెకానిక్ పక్కన స్పానర్లు అందించేదీ వాడే. ఖాళీ బండిని యార్డులో ముందుకూ వెనక్కూ తిప్పడంతో మొదలై, గురువు నిద్రపోతున్నప్పుడు ఖాళీ రోడ్డు మీద నడిపే దాకా రావడానికి కొన్నేళ్లు పట్టేది. అప్పటికి ఏ లోడు ఎటు ఒరుగుతుందో, ఏ శబ్దం వస్తే బండి ఆపాలో వాడికి తెలిసిపోయేది.

ఆ పద్ధతిని మెచ్చుకోవలసిన పని లేదు. బడి మానేసిన పిల్లలే ఎక్కువగా క్లీనర్లయ్యేవారు. జీతం నామమాత్రం, తిట్లూ దెబ్బలూ మామూలు. రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలని, అంతకు ముందు కనీసం ఏడాది పాటు తేలికపాటి వాహనాల లైసెన్సు ఉండాలని చట్టం చెబుతుంది గనుక క్లీనర్ల చేత సాగిన ఆ సాధనలో చాలా భాగం చట్టవిరుద్ధం కూడా. అయినా పని వచ్చింది ఆ దారినే, దాని స్థానంలో మరొక దారిని ఎవరూ వేయలేదు.

ఆ సీటు ఖాళీ కావడానికి మూలం డబ్బు లెక్కల్లో ఉంది. 1939 నాటి మోటారు వాహనాల చట్టం కింద పర్మిట్ల సంఖ్య మీద అదుపు ఉండేది. 1975లో వేర్వేరు రాష్ట్రాల్లో తిరగనిచ్చే నేషనల్ పర్మిట్ వచ్చింది. 1988 చట్టం 1989 జూలై నుంచి అమలులోకి వచ్చాక సరకు రవాణా పర్మిట్లు దాదాపు అడిగినవారికల్లా దొరకసాగాయి. ఫైనాన్సు మీద ఒకటి రెండు బళ్లు కొన్న చిన్న ఓనర్లు పెరిగారు. లోడు ఉన్నది ట్రాన్స్‌పోర్టు ఆఫీసు దగ్గర, బ్రోకరు దగ్గర. బళ్లు ఎక్కువై లోడ్లు తక్కువైనప్పుడల్లా కిరాయి పడిపోయేది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ పోయింది. అప్పు వాయిదా, టోల్, టైర్లు, డీజిల్, వీటిలో దేన్నీ తగ్గించుకోలేని ఓనరుకు చేతిలో ఉన్నది మనుషుల ఖర్చు ఒక్కటే. ముందు క్లీనరు పోయాడు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధన చాలా బళ్లలో అప్పటికే కాగితానికి పరిమితమైంది, 2018లో దాన్నీ తీసేశారు.

పని గంటల చట్టం లేకపోలేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పరిమితి పెట్టింది, క్లీనరును కూడా కార్మికుడిగానే గుర్తించింది. కానీ అది ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించేలా రాశారు. ఒకటి రెండు లారీల ఓనరు దాని పరిధిలోకే వచ్చేవాడు కాదు. ఇదే రోడ్డు మీద నడిచే ఆర్టీసీ బస్సును చూస్తే తేడా తెలుస్తుంది. 1932లో నిజాం రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులతో మొదలై, 1958లో కార్పొరేషన్‌గా మారిన ఆర్టీసీకి డిపో, డ్యూటీ చార్టు, శిక్షణ, వైద్య పరీక్షలు ఉన్నాయి. బస్సు డ్రైవరూ లారీ డ్రైవరూ చాలాసార్లు ఒకే ఊరివాళ్లు. ఒకరిని నమ్మదగినవాడిగా, మరొకరిని బాధ్యత లేనివాడిగా చూడటానికి కారణం వాళ్ల స్వభావాల్లో వెతికితే దొరకదు.

ఆలస్యం సంగతీ ఇలాంటిదే. అంతర్రాష్ట్ర రవాణాకు 2018 ఏప్రిల్‌లో ఈ-వే బిల్లు (సరకు వెంట ఉండవలసిన ఆన్‌లైన్ పత్రం) వచ్చినప్పుడు 100 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఇచ్చారు; 2021 జనవరి నుంచి దాన్ని 200 కిలోమీటర్లకు ఒక రోజుగా మార్చారు. జీఎస్టీతో పన్ను చెక్‌పోస్టులు పోయాయి, రోడ్లు వెడల్పయ్యాయి కాబట్టి ఆ లెక్క తప్పు కాదు. అయితే మిల్లు దగ్గర, ఫ్యాక్టరీ గేటు దగ్గర, పోర్టులో లోడింగు కోసం బండి ఆగే సమయం ఆ లెక్కలోకి రాదు. డ్రైవరుకు ట్రిప్పును బట్టి బేటా (భత్యం) దక్కుతుంది; ఆగిన రోజుకు హాల్టింగ్ డబ్బులు ఇస్తే ఇచ్చినట్లు, లేకపోతే లేదు. గేటు దగ్గర పోయిన పగటిని అతడు రాత్రి నిద్ర మానుకుని రోడ్డు మీద పూడ్చుకుంటాడు. అలా పూడ్చి సమయానికి చేర్చినవాణ్ణి మంచి డ్రైవరని, ఎక్కడో ఆపి పడుకున్నవాణ్ణి సోమరి అని అనడం వ్యాపారంలో అలవాటైపోయింది.

మెకానిక్కుల పరిస్థితి కొంత వేరు. 2017 ఏప్రిల్‌లో బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక ఇంజిను నిండా సెన్సర్లు చేరాయి, పొగ శుద్ధికి యూరియా ద్రావణం పోయవలసి వస్తోంది. చెవితో లోపం పట్టే మేస్త్రి ఇప్పుడు స్కానర్ లేకుండా ఏమీ చేయలేడు.

2023 డిసెంబరులో ఆమోదం పొందిన భారతీయ న్యాయ సంహిత, ప్రమాదంలో మనిషి చనిపోయాక సమాచారం ఇవ్వకుండా వెళ్లిపోయిన డ్రైవరుకు పదేళ్ల దాకా జైలు అనడంతో 2024 కొత్త సంవత్సరం నాడే డ్రైవర్లు బళ్లు ఆపేశారు. ట్యాంకర్లు కదలక హైదరాబాద్ బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. ఆ సంహిత 2024 జూలై 1న అమలులోకి వచ్చినా ఆ ఉపసెక్షన్‌ను మాత్రం పక్కన పెట్టారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యతరహా, భారీ లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో డ్రైవింగ్ శిక్షణ సంస్థ నడుస్తోంది. లోడింగు దగ్గర ఆగిన గంటలకు ఎవరు చెల్లించాలన్నది మాత్రం ఇప్పటికీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బేరమాడుకునే విషయమే.