కాలిన వేలు మరునాడు ఎందుకు మండింది?

చిరంజీవులకు ఆశీస్సులు.

చిన్నవాడి వేలు కాలిన రోజు కంటే మరునాడు గోరువెచ్చని నీళ్లు తగిలినప్పుడే ఎక్కువ ఏడ్చాడని, అలా ఎందుకని రాశారు. మంచి ప్రశ్న. జవాబు చెప్పాలంటే మాత్రం మీరు పుట్టకముందు నుంచి మొదలుపెట్టాలి, ఓపిక పట్టండి.

కాలి బొటనవేలికి ముల్లు గుచ్చుకుంటే ఆ కబురు అందుకునే నాడీకణం వేలిలో ఉండదు. వెన్నెముక పక్కనున్న చిన్న నాడీముడిలో ఉంటుంది. అక్కడి నుంచి సన్నని పోగు ఒకటి తొడ, మోకాలు దాటుకుని వేలి దాకా దిగుతుంది. పెద్దవాళ్లలో దాని పొడవు దాదాపు 1 మీటరు. పిండంలో ఈ పోగులు చర్మాన్ని వెతుక్కుంటూ పెరుగుతాయి. శరీరం ఈ కణాలను అవసరానికి మించి పుట్టిస్తుంది, వాటిలో చాలా భాగం మనం పుట్టేలోపే చనిపోతాయి. ఏవి బతకాలో ఎవరు తేలుస్తారు?

ఈ చిక్కుముడి విప్పడం మొదలుపెట్టింది ఇటలీ శాస్త్రవేత్త రీటా లెవీ మోంటాల్చినీ. ఆమె యూదురాలు. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులకు వ్యతిరేకంగా చేసిన చట్టాల వల్ల ఉద్యోగం పోయింది. ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా మార్చుకుంది. కుట్టుసూదులను సానబెట్టి కత్తులు చేసుకుంది. కోడిగుడ్డులోని పిండానికి కాలు మొలవబోయే మొగ్గను కోసేసి, ఆ వైపు నాడీకణాలు ఏమవుతున్నాయో సూక్ష్మదర్శినిలో చూసింది. కాలు లేకపోతే ఆ కణాలు తయారే కావని అప్పటి పెద్దల అభిప్రాయం. ఆమెకు కనిపించింది వేరు. కణాలు మామూలుగానే పుట్టాయి, పోగులు చాచాయి, చేరాల్సిన చోటు లేక ఆ తర్వాత చనిపోయాయి. బయట బాంబులు పడుతుండగా చేసిన పని ఇది. నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యమే.

యుద్ధం ముగిశాక ఆమె అమెరికా వెళ్లింది. 1952లో బ్రెజిల్‌లోని రియో డి జెనీరోలో ఒక నాడీముడిని, దానికి తగలకుండా కాస్త ఎడంగా ఎలుక కణితి ముక్కను గాజుపాత్రలో ఉంచింది. నాడీముడి చుట్టూ సూర్యకిరణాల్లా పోగులు విచ్చుకున్నాయి. అంటే కణితి నుంచి ఏదో పదార్థం ఊరి వస్తోందన్నమాట. అది ప్రొటీన్ అని ఆమెతో కలిసి పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ తేల్చాడు. దాన్ని పరీక్షించడానికి పాము విషం కలిపితే, విషంలోనే ఆ పదార్థం ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని బయటపడింది! విషగ్రంథి ఒక రకం లాలాజల గ్రంథే కదా అని ఎలుక లాలాజల గ్రంథిలో వెతికితే అక్కడా పుష్కలంగా దొరికింది. దానికి నాడీ వృద్ధి కారకం అని పేరు. ఇద్దరికీ 1986లో నోబెల్ బహుమతి వచ్చింది.

చర్మం ఈ ప్రొటీన్‌ను చాలా కొద్దిగా తయారుచేస్తుంది. నాడి కొసన ఉండే ట్రాక్-ఏ అనే గ్రాహకం దాన్ని పట్టుకుంటుంది. రెండూ కలిసి చిన్న తిత్తిలో పోగు వెంట వెనక్కి ప్రయాణించి కణానికి చేరితే, కణం తనను తాను చంపుకునే ఏర్పాటును ఆపుతుంది. అందనివి రాలిపోతాయి. నొప్పి, వేడి, చలి తెలిపే కణాలకు కావలసింది ఇదే. కళ్లు మూసుకున్నా చేయి ఎక్కడుందో చెప్పే కణాలకు మాత్రం న్యూరోట్రోఫిన్-3 అనే దాని దాయాది కావాలి.

ట్రాక్-ఏ జన్యువు పాడై పుట్టే పిల్లలు అరుదుగా ఉంటారు. వాళ్లకు నొప్పి తెలియదు, చెమట కూడా పట్టదు. హాయిగా ఉంటుందనుకోకండి. నాలుక కొరుక్కున్నా, ఎముక విరిగినా వాళ్లకు తెలియదు.

ఇక మీ ప్రశ్నకు వద్దాం. పెద్దయ్యాక ఈ కణాలు బతకడానికి ఆ ప్రొటీన్ మీద అంతగా ఆధారపడవు. అప్పుడు దానికి మరో పని ఉంటుంది. కాలిన చోట చర్మం వాచినప్పుడు అది ఎక్కువగా తయారై నాడుల కొసలను అతి సున్నితంగా మారుస్తుంది. అప్పుడు మామూలు వెచ్చదనం కూడా మంటగా తోస్తుంది. వాపు తగ్గాక చిన్నవాడిని అవే గోరువెచ్చని నీళ్లు ముట్టుకోమనండి. ఏమన్నాడో నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య